ఆల్డో మోరో: ప్రధాని పదవిలోనూ పాఠం మానని క్రిమినల్ లా ప్రొఫెసర్

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఆల్డో మోరోను ఇటలీలో అందరూ 'ప్రొఫెసర్' అంటారు కదా, నిజంగా పాఠాలు చెప్పారా, లేక గౌరవంగా అలా పిలిచేవారా? 1978లో రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష ఉగ్రవాద ముఠా చేసిన కిడ్నాప్ సంగతి అలా ఉంచితే, రాజకీయాల్లో ఆయన చేసిందేమిటి? బందీగా ఉండగా రాసిన ఉత్తరాలు ప్రాణభయంతో రాసినవేనా?

నేను క్రిమినల్ లా బోధించేవాణ్ణి. మోరో నాకు మొదట పరిచయమైంది శిక్షలు, జైళ్ల గురించి రాసినవాడిగా. ప్రధానమంత్రి అన్న సంగతి ఆ తర్వాతే తెలిసింది. అందుకేనేమో, మీ మూడో ప్రశ్నకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ పాఠాలు తెలియకుండా ఉత్తరాలు చదివితే భయపడ్డ మనిషి కనిపిస్తాడు. పాఠాలు తెలిసి చదివితే, గది తలుపు మూసి ఉన్నా వాదన వదలని లాయర్ కనిపిస్తాడు.

మోరో 1916 సెప్టెంబర్ 23న ఇటలీ దక్షిణ కొసన, పూలియా ప్రాంతంలోని మాల్యే అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి స్కూల్ ఇన్‌స్పెక్టర్, తల్లి టీచర్. టరాంటోలో స్కూలు చదువు, బారీ యూనివర్సిటీలో లా. 1938లో డిగ్రీ చేతికొచ్చింది. థీసిస్ నేరచట్టం మీదే: చట్టం దృష్టిలో ఎవరిని నేర బాధ్యత మోయగల వ్యక్తిగా చూడాలి అన్నది విషయం. అంటే ఇరవై రెండేళ్ల వయసులోనే ఆయన ఆసక్తి నేరం మీద కన్నా నేరం చేసిన మనిషి మీద ఉంది. కొన్నేళ్లకే బారీలో పాఠాలు మొదలుపెట్టారు. అదే కాలంలో, 1939 నుంచి 1942 దాకా, కాథలిక్ యూనివర్సిటీ విద్యార్థుల సమాఖ్యకు అధ్యక్షుడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది జూలియో ఆంద్రియొత్తి. తర్వాతి కాలంలో ఆరో పాల్ పోప్ అయిన మొంతీనితో మోరోకు స్నేహం కుదిరింది కూడా ఆ కాథలిక్ మేధావుల బృందాల్లోనే. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుంచుకోండి, 1978లో మళ్లీ వస్తాయి.

1946 జూన్‌లో ఇటలీ రాజరికాన్ని ఓటుతో దించేసి రాజ్యాంగ సభను ఎన్నుకుంది. మన రాజ్యాంగ సభ తొలిసారి సమావేశమైంది కూడా ఆ ఏడాది చివర్లోనే. మోరోకు అప్పటికి ముప్పై నిండలేదు. అయినా ముసాయిదా రాసే 75 మంది సంఘంలో చోటు దక్కింది. పౌరుల హక్కులు, బాధ్యతలు చూసిన ఉపసంఘంలో ఆయనకు ఒక పక్క దొస్సెత్తి, లా పీరా లాంటి కాథలిక్ ప్రొఫెసర్లు, ఎదురుగా కమ్యూనిస్టు పార్టీ నాయకుడు తొల్యాత్తి. విద్య మీద నివేదిక పనిని మోరోకు, కమ్యూనిస్టు పండితుడు మార్కేసికి అప్పగించారు. ప్రత్యర్థితో ఒక టేబుల్ దగ్గర కూర్చుని, ఒక్కో వాక్యం కుదిరేదాకా ఓపిక పట్టడం ఆయన అక్కడే నేర్చుకున్నారని నా అభిప్రాయం. రాజ్యాంగం ఫాసిజం గురించి ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే చాలదని, ఫాసిజానికి ఎదురు నిలిచిన పోరాటం నుంచే అది పుట్టిందని 1947 మార్చిలో సభలో గట్టిగా వాదించారు.

1948 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో 27వ అధికరణం ఉంది. శిక్ష మానవత్వానికి విరుద్ధంగా ఉండకూడదు, శిక్ష పడినవాణ్ణి తిరిగి మంచి దారికి తెచ్చే దిశగా ఉండాలి అని దాని సారం. మోరో తర్వాతి ముప్పై ఏళ్ల పాఠాలన్నీ ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగాయంటే అతిశయోక్తి కాదు.

పదవుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1948లో ఎంపీ, డీ గాస్పెరి ప్రభుత్వంలో విదేశాంగ ఉపమంత్రి. 1951లో బారీలో క్రిమినల్ లా పూర్తిస్థాయి ప్రొఫెసర్. 1955లో న్యాయశాఖ మంత్రి. 1957లో విద్యాశాఖ మంత్రి. మరుసటి ఏడాది స్కూళ్లలో పౌరశాస్త్రాన్ని పాఠ్యాంశంగా పెట్టారు, చరిత్ర టీచర్ల చేతిలో నెలకు రెండు గంటలు. 1959లో క్రిస్టియన్ డెమోక్రసీ పార్టీ కార్యదర్శి. అసలు రాజకీయం ఇక్కడ మొదలవుతుంది.

ఆ పార్టీ దేశంలో అతి పెద్దది, కానీ ఒంటరిగా పాలించేంత బలం లేదు. కుడివైపు చూస్తే కొత్త ఫాసిస్టులు, ఎడమవైపు చూస్తే సోషలిస్టులు. 1960లో తంబ్రోని ప్రభుత్వం కొత్త ఫాసిస్టుల ఓట్లతో నిలబడింది. జెనోవాలో జనం వీధుల్లోకి వచ్చారు, వేరే ఊళ్లలో పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఇక ఆ దారి మూసుకుపోయిందని మోరో తేల్చుకున్నారు. 1962లో నేపుల్స్ పార్టీ మహాసభలో గంటల తరబడి మాట్లాడి, సోషలిస్టులతో పొత్తుకు తన పార్టీని ఒప్పించారు. ఆయన ప్రసంగం వినడం కష్టమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. వాక్యం లోపల వాక్యం, ప్రతి మాటకూ ఒక మినహాయింపు. కానీ ఆ శైలికి కారణం ఉంది. పార్టీలో ఉన్న అరడజను వర్గాల్లో ఎవరూ తలుపు విసిరికొట్టి వెళ్లిపోకుండా అందరినీ అడుగు ముందుకు వేయించాలి.

1963 డిసెంబర్‌లో మోరో ప్రధాని అయ్యారు, సోషలిస్టు నాయకుడు నెన్ని ఉపప్రధాని. 1947 తర్వాత సోషలిస్టులు ప్రభుత్వంలోకి రావడం అదే మొదలు. 1968 దాకా వరుసగా మూడు మంత్రివర్గాలకు ఆయనే నాయకుడు. ఇక్కడ నా అభిమానాన్ని పక్కన పెట్టి చెప్పాలి: ఈ కాలంలో వాగ్దానం చేసినంత జరగలేదు. పట్టణ భూముల చట్టం అటకెక్కింది, ప్రాంతీయ ప్రభుత్వాలు 1970 దాకా రాలేదు. 1964 వేసవిలో ప్రభుత్వం పడిపోయి మళ్లీ నిలబడేలోపు, సైనిక తరహా పోలీసు దళమైన కారబినియేరీ అధిపతి డి లొరెంజో నాయకుల అరెస్టుల దాకా ఒక రహస్య పథకం సిద్ధం చేసి ఉంచాడు. సంగతి మూడేళ్ల తర్వాత పత్రికల ద్వారా బయటపడింది. ఆ నీడలో సోషలిస్టులు తమ డిమాండ్లు తగ్గించుకున్నారు. మోరో ఓపికే కూటమిని నిలబెట్టింది. ఆ ఓపిక వల్లే చాలా సంస్కరణలు నీరుగారాయి కూడా.

మీ మొదటి ప్రశ్నకు ఇప్పుడొస్తాను. 1963లోనే ఆయన బారీ నుంచి రోమ్‌కు, లా సపియెంజా యూనివర్సిటీ పొలిటికల్ సైన్స్ విభాగానికి మారారు. సబ్జెక్టు నేరచట్టం, నేర విచారణ విధానం. ప్రధానిగా ఉన్నా, విదేశాంగ మంత్రిగా ఉన్నా క్లాసు వదల్లేదు. విద్యార్థులను జైళ్లకు తీసుకెళ్లి చూపించేవారు. శిక్ష గురించి మాట్లాడేవాడు శిక్ష అనుభవిస్తున్న మనిషిని చూడాలన్నది ఆయన పద్ధతి. ఈ ఒక్క విషయంలో మన లా కాలేజీలు ఆయన్ను అనుసరిస్తే ఎంత బాగుండును అని నాకు తరచూ అనిపిస్తుంది. సెక్షన్లు కంఠతా వచ్చి, జైలు గేటు కూడా చూడని లాయర్లను ఏటా బయటికి పంపుతున్నాం.

1976లో చెప్పిన పాఠాల్లో ఒకటి చాలా ప్రసిద్ధం. అప్పటికి ఆయన మళ్లీ ప్రధానమంత్రి. మరణశిక్షను తోసిపుచ్చి అక్కడితో ఆగలేదు. ఏ ఆశా, ఏ భవిష్యత్తూ లేని, పశ్చాత్తాపానికి గానీ మనిషి తనను తాను తిరిగి కనుగొనడానికి గానీ చోటివ్వని యావజ్జీవ శిక్ష మరణశిక్షకు ఏమాత్రం తీసిపోని క్రూరత్వమని విద్యార్థులకు చెప్పారు. శిక్ష అంటే బాధితుడి కోపం తీర్చే పగ కాదని, చట్టం కొలిచి ఇచ్చే జవాబని అన్నారు. ఊళ్లలో బాంబులు పేలుతున్న, జడ్జీల మీద తుపాకులు పేలుతున్న రోజుల్లో, ఆ దేశ ప్రధాని తరగతి గదిలో నిలబడి చెప్పిన మాటలివి.

అదే మనిషి ప్రభుత్వం 1975లో ఏం చేసిందో చూడండి. మార్చిలో ఓటు వయసును, మేజర్ వయసును 21 నుంచి 18కి దించింది. మేలో కుటుంబ చట్టాన్ని మార్చి భార్యాభర్తలకు సమాన హక్కులు ఇచ్చింది. అదే నెలలో పోలీసుల కాల్పుల అధికారాన్ని, అదుపులోకి తీసుకునే అధికారాన్ని పెంచే 'రెయాలె చట్టం' తెచ్చింది. జూలైలో, 1931 నాటి ఫాసిస్టు జైలు నిబంధనల స్థానంలో 27వ అధికరణానికి తగిన కొత్త జైలు చట్టం తెచ్చింది. రెయాలె చట్టాన్ని నేను సమర్థించలేను. క్లాసులో చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ పొత్తు కుదరదు. కానీ ఉగ్రవాదం రోజుల్లో జైలు చట్టం కూడా తెచ్చిన ప్రభుత్వం అదేనన్నది మరచిపోతే అన్యాయం.

1968 తర్వాత పార్టీ ఆయన్ను కొంతకాలం పక్కన పెట్టింది. ఆ నవంబర్‌లో, విద్యార్థుల తిరుగుబాటు చూసి తోటి నాయకులు బెంబేలెత్తుతుంటే, కొత్త కాలం మునుపెన్నడూ లేనంత వేగంగా వస్తోందని మోరో పార్టీ కౌన్సిల్లో అన్నారు. 1969 నుంచి విదేశాంగ మంత్రి. ఆల్టో అడీజె ప్రాంతంలోని జర్మన్ భాషీయుల స్వయంపాలనపై ఆస్ట్రియాతో అవగాహన కుదిరింది ఆ ఏడాదే. 1975 ఆగస్టు 1న, తూర్పు, పశ్చిమ కూటముల దేశాల మధ్య కుదిరిన హెల్సింకి ఒప్పందం మీద, ఇటలీ తరఫునా యూరోపియన్ కమ్యూనిటీ తరఫునా సంతకం పెట్టింది ఆయనే. అదే నవంబర్‌లో యుగోస్లావియాతో ఓసిమో ఒప్పందం త్రియేస్తె సరిహద్దు తగాదాకు ముగింపు పలికింది. అక్కడినుంచి వలస వచ్చిన ఇటాలియన్లు దాన్ని ఎన్నటికీ క్షమించలేదు.

ఇక కమ్యూనిస్టుల విషయం. 1976 ఎన్నికల్లో క్రిస్టియన్ డెమోక్రాట్లకు 38.7 శాతం, కమ్యూనిస్టులకు 34.4 శాతం వచ్చాయి. ఒకరు లేకుండా ఇంకొకరు నడవలేని లెక్క. కమ్యూనిస్టు నాయకుడు బెర్లింగ్వేర్ 1973లోనే, చిలీలో సోషలిస్టు అధ్యక్షుడు అయెందె పతనం చూశాక, క్రిస్టియన్ డెమోక్రాట్లతో కలిసి నడుద్దామనే 'చారిత్రక రాజీ' ప్రతిపాదన పెట్టి ఉన్నాడు. పశ్చిమ దేశాలకు ఇది పెద్ద టెన్షన్. 1976 జూన్‌లో ప్యూర్టో రికో శిఖరాగ్ర సభకు మోరో వెళ్తే, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ నాయకులు ఆయన్ను బయట ఉంచి, కమ్యూనిస్టులు ప్రభుత్వంలోకి వస్తే ఇటలీకి అప్పు ఇవ్వకూడదని తమలో తాము అనుకున్నారు. ఆ మాటను జర్మన్ చాన్సలర్ ష్మిట్ తర్వాత బయటపెట్టాడు.

చాలామంది ఒక తప్పు చెబుతుంటారు, సరిచేస్తాను. మోరో కమ్యూనిస్టులకు మంత్రి పదవులు ఇవ్వలేదు. 1978 మార్చిలో ఏర్పడ్డ ఆంద్రియొత్తి మంత్రివర్గంలో అందరూ క్రిస్టియన్ డెమోక్రాట్లే. కమ్యూనిస్టులు బయటి నుంచి ఓటు వేసే ఏర్పాటు అది. ఫిబ్రవరి 28న తన పార్టీ ఎంపీలను దానికి ఒప్పించింది మోరో. అదే ఆయన చివరి ప్రసంగం.

మార్చి 16 ఉదయం తొమ్మిది దాటుతుండగా, ఆ ప్రభుత్వం విశ్వాస పరీక్షకు వెళ్తుంటే, రోమ్‌లోని ఫాని వీధిలో ఆయన ఫియట్ 130 కారును అడ్డగించారు. దానికి బుల్లెట్‌ప్రూఫ్ లేదు. రక్షణగా ఉన్న ఐదుగురూ చనిపోయారు: లెయొనార్ది, రిచ్చి, ఇయొజ్జీనో, రివేరా, జిజ్జి. కారులో మిగిలిపోయిన కాగితాల్లో ఆయన విద్యార్థుల థీసిస్‌లు ఉన్నాయి. ప్రొఫెసర్ అన్నది ఉత్త పిలుపేనా అన్న మీ సందేహానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదనుకుంటాను.

బందీగా 55 రోజులు. ఆ రోజుల్లో ఆయన రాసిన ఉత్తరాలు ఎనభైకి పైగా దొరికాయి. మార్చి 29న బయటికొచ్చిన ఉత్తరం హోంమంత్రి కొస్సీగాకు రాసినది. రహస్యంగా ఉంచమని మోరో కోరారు. రెడ్ బ్రిగేడ్స్ దాన్ని పత్రికలకు ఇచ్చేసింది. అందులో ముందుగా తన స్థితి చెప్పారు: పూర్తిగా వాళ్ల అదుపులో ఉన్నాను, దేశానికి ఇబ్బంది కలిగించే మాటలు నా చేత చెప్పించవచ్చు. ఆ తర్వాత అసలు వాదన వస్తుంది: కాదనలేని అగత్య పరిస్థితి ఉన్నప్పుడు, ఒక నైరూప్యమైన చట్టబద్ధత పేరుతో నిర్దోషులను బలి ఇవ్వడం ఒప్పుకోదగింది కాదు.

ఈ 'అగత్య పరిస్థితి' లాయర్ మాట. ఇటలీ శిక్షాస్మృతి 54వ అధికరణం దానిదే. తనను గానీ ఇంకొకరిని గానీ, మనిషికి తీవ్రమైన హాని కలిగించే, కళ్లముందున్న అపాయం నుంచి కాపాడక తప్పని స్థితిలో, వేరే దారి లేనప్పుడు, ఆ అపాయానికి తగిన మేరకే చేసిన పనికి శిక్ష లేదు. మన పాత ఐపీసీలో 81వ సెక్షన్ చదివినవారికి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. మోరో చేసింది, వ్యక్తికి వర్తించే ఆ సూత్రాన్ని రాజ్యానికి అన్వయించడం. దానికి ఉదాహరణ కూడా ఇచ్చారు: 1975లో బెర్లిన్‌లో లోరెంజ్ అనే నాయకుణ్ణి కిడ్నాప్ చేస్తే పశ్చిమ జర్మనీ ఖైదీలను వదిలి అతణ్ణి విడిపించుకుంది. ఇటలీ కూడా రక్తపాతం తప్పించడానికి పాలస్తీనా ఖైదీలను వదిలిన సంగతిని వేరే ఉత్తరాల్లో గుర్తుచేశారు. సూత్రం, షరతులు, ముందటి ఉదాహరణలు. కోర్టులో వాదన పెట్టే వరుస ఇదే. మనిషి రాజ్యానికన్నా ముందు అని యువకుడిగా బారీలో చెప్పిన పాఠానికీ దీనికీ మధ్య నాకు చీలిక కనబడదు.

ఆయన పార్టీ మాత్రం ఈ ఉత్తరాలు నైతికంగా మోరోవి కావని ప్రకటించింది. ఏప్రిల్ 25న పాత మిత్రులు కొందరు, మాకు తెలిసిన మోరో ఇతను కాదని ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. నన్నడిగితే, 55 రోజుల్లో ఆయనకు స్వపక్షం చేసిన అతి పెద్ద గాయం అదే. బతికున్న మనిషి మాటను అతని మాట కాదనడం. క్రిస్టియన్ డెమోక్రాట్లు, కమ్యూనిస్టులు బేరం వద్దన్నారు. సోషలిస్టు నాయకుడు క్రాక్సి ఏదో ఒక దారి వెతకాలన్నాడు. బేరం వద్దన్నవాళ్ల వాదనకు బలం లేదనను. ఐదుగురు పోలీసుల శవాలు లేచాయి, వాళ్ల కుటుంబాలకు ఏం చెప్పాలి? ఈసారి లొంగితే రేపు ఎవరిని ఎత్తుకెళ్తారు? కానీ 1981లో నేపుల్స్ దగ్గర క్రిస్టియన్ డెమోక్రాట్ల నాయకుడు చిరిల్లోను అదే రెడ్ బ్రిగేడ్స్ ఎత్తుకెళ్తే, నేపుల్స్ మాఫియా అయిన కమొర్రా ముఠా నాయకుడి ద్వారా మంతనాలు జరిగాయి, డబ్బు ముట్టింది, మనిషి ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఇది తెలిశాక 1978 నాటి పట్టుదలను సూత్రబద్ధత అని పిలవడానికి నాకు నోరు రాదు.

భయం లేదా అంటే ఉంది. కోపం అంతకన్నా ఉంది. తన అంత్యక్రియలకు రాజ్య ప్రతినిధులు గానీ పార్టీ మనుషులు గానీ రాకూడదని, నిజంగా ప్రేమించిన కొద్దిమందే రావాలని పార్టీ కార్యదర్శి జక్కన్యీనికి రాశారు. భార్య ఎలెయొనోరాకు రాసిన చివరి ఉత్తరంలో, చనిపోయాక మనుషులు ఒకరినొకరు ఎలా చూసుకుంటారో తన చిన్న మర్త్య నేత్రాలతో తెలుసుకోవాలని ఉందని, అక్కడ వెలుగంటూ ఉంటే ఎంతో బాగుంటుందని రాశారు. భయంతో వణికే మనిషి రాసే వాక్యం కాదది.

ఆరో పాల్ పోప్ ఏప్రిల్‌లో, షరతులేవీ లేకుండా ఆయన్ను వదిలిపెట్టమని 'రెడ్ బ్రిగేడ్స్ మనుషులకు' స్వయంగా లేఖ రాశారు. ఫలితం లేకపోయింది. మే 9న కయెతాని వీధిలో ఎర్ర రెనో 4 కారులో మోరో శవం దొరికింది. ఎక్కడుందో చెప్పే ఫోన్ వచ్చింది యూనివర్సిటీలో ఆయన అసిస్టెంట్ ఫ్రాంకో త్రిత్తోకు. కుటుంబానికి మీరే స్వయంగా చెప్పాలి అని అవతలి గొంతు. త్రిత్తో ఏడుపు ఆపుకోలేక ఫోన్ తండ్రికి ఇచ్చేశాడు. కుటుంబం రోమ్‌కు దూరంగా తొర్రీత తిబెరీనా అనే చిన్న ఊళ్లో ఆయన్ను ఖననం చేసింది. మే 13న రోమ్‌లో, శవపేటిక లేకుండానే, రాజ్యం తన ప్రార్థన జరుపుకుంది. పోప్ వచ్చారు, భార్యాపిల్లలు రాలేదు.

వెనక ఎవరున్నారన్న కుట్ర కథల జోలికి నేను పోను. పార్లమెంటు సంఘాలు ఏళ్ల తరబడి విచారించాయి, జవాబు రాని ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. చేసింది రెడ్ బ్రిగేడ్స్ అన్నది మాత్రం కోర్టుల్లో తేలింది. 1983లో రోమ్ కోర్టు 32 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, అంటే మోరో తన విద్యార్థుల ముందు క్రూరమన్న అదే శిక్ష. తర్వాతి ఏళ్లలో ఆ ముద్దాయిల్లో చాలామందికి చట్ట ప్రకారం సడలింపులు దొరికి బయటికొచ్చారు. ఆయన కూతురు ఆన్యేసె వాళ్లలో కొందరితో ఎదురెదురుగా కూర్చుని ఏళ్ల తరబడి మాట్లాడారు, ఆ సంగతి బహిరంగ వేదికల మీదా చెబుతారు.

చదవాలనుకుంటే వరుస చెబుతాను. 1976 నాటి పాఠాల రికార్డింగులను త్రిత్తో తర్వాత అచ్చులోకి తెచ్చారు. ఇటాలియన్ రాకపోయినా అనువాద యంత్రం సాయంతో యావజ్జీవ శిక్ష మీది భాగం ముందు చదవండి. ఆ వెంటనే కొస్సీగాకు రాసిన ఉత్తరం చదవండి, భార్యకు రాసినవి ఆ తర్వాత. కిడ్నాప్ మీద వచ్చిన పరిశోధనలు ఎన్నో ఉన్నాయి, వాటిని చివరికి ఉంచుకోండి.